పొయ్యికి ముందు పాత్ర

తిరుపతి, చిత్తూరు పట్టణములలో క్రొత్త ఇల్లు కట్టువారు కొందరు వంటయింట ఇండక్షన్ పొయ్యి నమర్ప నుత్సహించుచున్నారు. పొగ లేదు, మంట లేదు, మెచ్చదగినదే. కాని 1831లో ఫారడే కనుగొన్న సూత్రముపై నడచు ఈ పొయ్యి, అయస్కాంత క్షేత్రముచే పాత్ర అడుగుననే వేడి పుట్టించును. అయస్కాంత మంటుకొనని అల్యూమినియము, ఇత్తడి, మట్టిపాత్రలు సామాన్యముగా దానిపై పనికిరావు. అడుగు సమముగా నున్న ఇనుప దోసెపెనము పనికివచ్చును.

మరి రాగిసంగటి మాట? తెడ్డుతో బలముగా కెలుకవలసిన ఆ వంటకు గాజుపలక తాళునా, పాత్రను నేలకు దించవలెనా? ఇది అంగడివాడు చెప్పునది కాదు; కెలికిన చేయి చెప్పవలెను. అయినను పొయ్యి నెన్నుకొనువాడు తరచుగా డబ్బిచ్చువాడే, వండునామె కాదు.

బడిపిల్లలు అయస్కాంతముతో ఇంటి పాత్రలను పరీక్షింతురుగాక. పెద్దలు ముందుగా ఆమె నడుగుదురుగాక. అడుగక కొన్న పొయ్యి వంటయింటికి అలంకారమే, వంటకు సాయము కాదు.