గురగుర అంటే ‘నేను బాగున్నా’ అనేనా?

కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లకి మొదటి వారంలోనే ఒక అనుమానం వస్తుంది. ‘దీనికి ఆయాసం ఏమైనా ఉందా? ఒళ్లో కూర్చోగానే లోపల్నుంచి గురగురమని సౌండ్ వస్తోంది!’ అని. అలా అనుకోవడంలో తప్పేం లేదు. ఆస్తమా ఉన్నవాళ్ల ఛాతీలోంచి వచ్చే ఈల లాంటి శబ్దాన్ని మనవాళ్లు ‘పిల్లికూతలు’ అనే అంటారు కదా. పిల్లి గొంతునీ, జబ్బునీ మన భాష ఎప్పుడో ముడిపెట్టేసింది.

ఈ గురగుర ఆయాసం కాదు, పర్రింగ్. కొన్నాళ్లకి ఆ సంగతి అందరికీ తెలిసిపోతుంది. అక్కడే రెండో అనుమానం రావాలి, కానీ రాదు. ‘పర్రింగ్ చేస్తోందంటే మనోడు ఫుల్ హ్యాపీ’ అని ఫిక్సయిపోతాం. ఇది సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ఒక్కోసారి పిల్లి ప్రాణం మీదకి వస్తుంది. ఈ వారం ఆ సగం సంగతి చూద్దాం.

మోటార్ ఎక్కడుంది?

మనం మాట్లాడేది ఊపిరి వదులుతూ. గురగుర మాత్రం ఊపిరి పీల్చేటప్పుడూ వస్తుంది, వదిలేటప్పుడూ వస్తుంది. అందుకే ఎవరో చిన్న మోటార్ ఆన్ చేసి మర్చిపోయినట్టు నిమిషాల తరబడి సాగుతూనే ఉంటుంది. చెయ్యి ఎక్కడ పెట్టినా ఒళ్లంతా అదురుతున్నట్టే ఉంటుంది కానీ, అసలు శబ్దం పుట్టేది గొంతులోని స్వరపేటికలో.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. మామూలుగా జంతువు ఎంత చిన్నదైతే గొంతు అంత సన్నగా ఉంటుంది. మగవాళ్ల మాటలో స్వరతంతువులు సెకనుకు సుమారు వందసార్లు అదురుతాయి. నాలుగైదు కిలోల పిల్లి గురగురలో ఆ లెక్క 25 నుంచి 30 సార్లే. ఏనుగులు దూరంగా ఉన్న మందతో మాట్లాడుకునే స్థాయి అది! ఇంత చిన్న గొంతులోంచి అంత మంద్రమైన శబ్దం ఎలా వస్తోంది?

1972లో రెమ్మర్స్, గాటియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సమాధానం చెప్పారు. మెదడు నుంచి వచ్చే సిగ్నల్స్‌తో గొంతు కండరాలు సెకనుకు పాతిక సార్లకు పైగా బిగుసుకుని వదులవుతాయని, ఆ లయకే గాలి తెగి తెగి శబ్దం అవుతుందని. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే మెదడు ఒక లూప్ రన్ చేస్తోందన్నమాట. దాదాపు యాభై ఏళ్లు పుస్తకాల్లో ఇదే ఉంది.

2023లో వియన్నా యూనివర్సిటీకి చెందిన క్రిస్టియన్ హెర్బ్‌స్ట్ బృందం వేరే దారిలో వెళ్లింది. నయం కాని జబ్బులతో చనిపోయిన 8 పిల్లుల స్వరపేటికలను, యజమానుల అనుమతితో తీసుకుని, వాటిలోంచి వెచ్చటి తేమ గాలి పంపి చూశారు. అక్కడ మెదడు లేదు, నరాల సిగ్నల్ లేదు. అయినా అన్నీ 25–30 హెర్ట్జ్ దగ్గరే గురగురమన్నాయి. స్వరతంతువుల్లో మెత్తల్లాంటి కణజాలం ఉండటం గమనించారు. వీణలో లావు తీగ నెమ్మదిగా ఊగి మంద్రంగా పలికినట్టు, ఈ మెత్తల బరువే తంతువుల్ని నెమ్మదిగా అదిరిస్తుండొచ్చని వాళ్ల అభిప్రాయం.

అంటే లూప్ సాఫ్ట్‌వేర్‌లో కాదు, హార్డ్‌వేర్‌లోనే ఉండొచ్చు. అలాగని పాత సిద్ధాంతం పూర్తిగా కొట్టుకుపోలేదు. బతికున్న పిల్లిలో కండరాలు కూడా ఓ చెయ్యి వేస్తుండొచ్చు. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ఎవరికోసం ఈ సౌండ్?

పిల్లి కూనలు పుట్టినప్పుడు కళ్లు తెరుచుకుని ఉండవు, చెవులు సరిగా వినపడవు. ఒంటికి తగిలే అదురు మాత్రం తెలుస్తుంది. తల్లి గురగుర వాటికి ‘నేనిక్కడే ఉన్నా, ఇటు రండి’ అనే అడ్రస్. కొద్ది రోజుల్లోనే కూనలు కూడా మొదలుపెడతాయి. పాలు తాగుతూ మ్యావ్ అనలేవు కానీ గురగురమనగలవు. అంటే ఈ శబ్దం మొదట పుట్టింది ఆనందాన్ని చాటుకోవడానికి కాకపోవచ్చు. ‘దగ్గరే ఉండు, వెళ్లిపోకు’ అని చెప్పడానికి.

పెద్దయ్యాక ఆ మెసేజ్ మనకి వస్తుంది. కాస్త తెలివితేటలు కలిపి మరీ! 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీకి చెందిన కరెన్ మెకాంబ్ బృందం, తిండి అడిగేటప్పటి గురగురనీ, ఊరికే ఉన్నప్పటి గురగురనీ రికార్డు చేసి జనానికి వినిపించింది. పిల్లిని ఎప్పుడూ పెంచనివాళ్లు కూడా మొదటిదాంట్లో ఏదో తొందర ఉందని పసిగట్టారు. చూస్తే ఆ మంద్రమైన శబ్దం లోపల 380 హెర్ట్జ్ దగ్గర సన్నటి ఏడుపు లాంటి స్వరం దాగి ఉంది. పసిపిల్లల ఏడుపు ఉండే స్థాయి కూడా ఇంచుమించు అదే. పొద్దున్నే ఐదింటికి మీ పిల్లి చెవి దగ్గర గురగురమంటే మీరు తిట్టుకుంటూనే లేచి గిన్నె నింపుతున్నారా? మీ తప్పేం లేదు, సిగ్నల్ అలాంటిది.

బాధలో కూడా

ఇప్పుడు అసలు విషయం. పిల్లులు దెబ్బ తగిలినప్పుడూ, ఈనేటప్పుడూ, డాక్టర్ టేబుల్ మీద భయంతో ముడుచుకున్నప్పుడూ, ఆఖరి గంటల్లోనూ గురగురమంటాయి. ‘దగ్గరే ఉండు’ అన్న అర్థం గుర్తుంచుకుంటే ఇందులో వింతేమీ లేదు. మనం కూడా భయమేసినప్పుడు అమ్మని పిలుస్తాం కదా.

మా ఫ్లాట్‌మేట్ దగ్గర బుజ్జిగాడని ఒక మగ పిల్లి ఉంది. ఒక శనివారం రోజంతా వాడి ఒళ్లోంచి దిగలేదు, ఒకటే గురగుర. మావాడు మురిసిపోతూ తెనాలిలో ఉన్న వాళ్లమ్మకి వీడియో కాల్‌లో చూపించాడు. ఆవిడ చూసి, ‘అది గురగురమంటే ఏంట్రా, పొద్దుట్నుంచి ఏమైనా తిందా? అది చెప్పు’ అన్నారు. గిన్నె చూస్తే నిన్నటి తిండి అలాగే ఉంది. లిట్టర్ బాక్స్‌లోకి పదే పదే వెళ్లి ఉత్తినే వస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రే పశువుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తారు. మూత్రం అడ్డుపడింది. మగ పిల్లుల్లో ఇది ఎమర్జెన్సీ, ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. బుజ్జిగాడు దక్కాడు. డాక్టర్ చెయ్యి వేసినప్పుడు కూడా వాడు గురగురమంటూనే ఉన్నాడట.

మా ఆఫీసులో ఇలాంటివి చూస్తూనే ఉంటాం. డాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంటుంది, అటు కస్టమర్‌కి పేమెంట్ జరగదు. పచ్చ లైటు ‘సర్వర్ ఆన్‌లో ఉంది’ అనే చెబుతుంది, ‘అంతా బాగుంది’ అని చెప్పదు. గురగుర కూడా అంతే. ఆ ఒక్క లైటు చూసి ఊరుకోకుండా వీటిని కూడా చెక్ చేయండి:

• ఒక రోజంతా ఏమీ తినకపోతే ఆలస్యం చేయొద్దు. కొన్ని రోజులు తిండి మానేస్తే పిల్లుల కాలేయం దెబ్బతింటుంది.

• లిట్టర్ బాక్స్‌లో ముక్కుతున్నా, మూత్రం రాకపోయినా వెంటనే ఆస్పత్రికి.

• మంచం కింద దాక్కోవడం, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, ఎప్పుడూ శుభ్రంగా నాకుకునే ఒళ్లు మాసిపోవడం... ఇవన్నీ ప్రమాద సూచనలు.

• జ్వరంగా ఉందని పారాసిటమాల్ మాత్రం అస్సలు వేయొద్దు. మనకి మామూలు మాత్రే కానీ, పిల్లికి విషం.

ఇక రీల్స్‌లో తిరుగుతున్న ఒక మాట. ‘పిల్లి గురగుర వింటే విరిగిన ఎముకలు అతుక్కుంటాయి’ అని. ఈ ఫ్రీక్వెన్సీలు ఎముకలకి మేలు చేస్తాయేమో అని 2001లో ఒక ఊహ వచ్చిన మాట నిజం. అది ఊహగానే ఉంది, రుజువు కాలేదు. కాలు విరిగితే పిల్లిని ఒళ్లో పెట్టుకోండి, హాయిగా ఉంటుంది. కట్టు మాత్రం డాక్టర్ దగ్గరే కట్టించుకోండి.

చాలాసార్లు మీ పిల్లి గురగుర నిజంగా సంతోషమే. కళ్లు సగం మూసి, పంజాలతో మీ దుప్పటిని పిసుకుతూ, గిన్నె ఖాళీ చేసి వచ్చి పడుకుంటే అనుమానమే అక్కర్లేదు. ఎప్పుడైనా తేడాగా అనిపిస్తే మాత్రం మన అమ్మలు ఫోన్ ఎత్తగానే అడిగే ప్రశ్ననే వాడండి: ‘తిన్నావా?’ మనం దానికి అబద్ధం చెప్పేస్తాం. పిల్లి గిన్నె చెప్పదు.