మన పని మనం చూసుకోవడమా?

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి సలహాలకు కొదవ ఉండదు. లోను ఏ బ్యాంకులో చవక, సోలార్ ప్యానెళ్లు ఎవరితో వేయించుకోవాలి, పిల్లల్ని ఏ స్కూల్లో చేర్పించాలి, అన్నీ గృహప్రవేశం భోజనాల దగ్గరే తేలిపోతాయి. వాటితోపాటు గొంతు కాస్త తగ్గించి చెప్పే సలహా ఒకటుంది. "ఇక్కడ ఎవరి గొడవా మనకొద్దు. మన పని మనం చూసుకోవాలి." చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, బాగు కోరే చెప్తారు. ఆ మాట తండ్రి చెవిన పడుతుంది, తండ్రి నోట ఏడేళ్ల పిల్లవాడికి చేరుతుంది. "వాడు ఏడిస్తే నీకెందుకురా? నీ లంచ్ నువ్వు తిను."

ఈ సలహా తప్పు. వలస వచ్చిన చోట బతకడానికే అది చాలదు, పిల్లల్ని పెంచడానికి అసలే పనికిరాదు. జాగ్రత్త పేరుతో ఇంటింటా చెలామణి అవుతున్న ఈ మాటను ఎవరో ఒకరు గట్టిగా కాదనాలి.

ముందు దాని వెనకున్న భయం సంగతి. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగాయి. రాత్రి షిఫ్టు ముగించుకుని పడమటి శివార్లకు రైల్లో వెళ్లే కుర్రాళ్లు దెబ్బలు తిన్నారు. ఆ మే నెలలో హాడ్‌ఫీల్డ్‌లో ఒక పార్టీలో తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో తలలో పొడిచారు. అతను కోమాలో ఉన్న రోజుల్లో తెలుగు నేల మీద కొడుకుల్ని ఆస్ట్రేలియా పంపిన తల్లులెవరూ సరిగా నిద్రపోలేదు. 2010 జనవరిలో యారావిల్‌లో పనికి వెళ్తున్న ఒక పంజాబీ యువకుడు కత్తిపోట్లకు ప్రాణాలే వదిలాడు. ఆ రోజుల్లో చదువుకోడానికి వచ్చినవాళ్లు ఎందరో ఇప్పుడు పడమటి శివార్లలో పిల్లల తల్లిదండ్రులు. తల వంచుకుని నడవడం వాళ్లకు ఆ ఏళ్లలో అలవాటైంది.

కానీ ఆ భయం తగ్గింది ఎలా? తల వంచుకున్నందుకు మాత్రం కాదు. 2008 ఏప్రిల్‌లో ఒక భారతీయ టాక్సీ డ్రైవర్‌ని ప్రయాణికుడు కత్తితో పొడిచాడు. ఆ రాత్రి మిగతా డ్రైవర్లు తమ పని తాము చూసుకోలేదు. మెల్‌బోర్న్ నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు కూడలిలో కార్లు ఆపేసి, చలిలో చొక్కాలు విప్పి, ఇంచుమించు ఒక రోజంతా బైఠాయించారు. డ్రైవర్ సీటు చుట్టూ రక్షణ తెరలు, రాత్రిపూట ముందే బాడుగ కట్టించుకునే పద్ధతి ఆ తర్వాతే వచ్చాయి. మరుసటి ఏడాది మే 31న వేలమంది విద్యార్థులు అదే కూడలిలో కూర్చున్నారు. దాడికి గురైనవాడు వాళ్లలో చాలామందికి చుట్టం కాదు, ఒక ఊరివాడూ కాదు. ఈనాడు రాత్రి టాక్సీలో తెర వెనక కాస్త నిశ్చింతగా కూర్చునే డ్రైవర్, పరాయివాడి గొడవను తమ గొడవ చేసుకున్న ఆ మనుషులకు ఎంతో కొంత రుణపడి ఉన్నాడు.

రెండో భయం చట్టానిది. "సాయానికి వెళ్తే కేసులో ఇరుక్కుంటాం" అనే మాట హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద నుంచి మనతోపాటు విమానం ఎక్కి వచ్చింది. అక్కడ కూడా ఆ రోజులు మారాయి. ప్రమాదంలో దెబ్బలు తగిలినవారిని ఆసుపత్రికి చేర్చినవాళ్లను వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, అలా సాయపడినవారికి రక్షణగా 134ఎ సెక్షన్ చేర్చారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో అయితే 1958 నాటి రాంగ్స్ యాక్ట్‌కు 2002లోనే సవరణ జరిగింది. అత్యవసర స్థితిలో ఉన్న మనిషికి ప్రతిఫలం ఆశించకుండా, సదుద్దేశంతో సాయపడినవారి మీద నష్టపరిహారం దావా నిలవదు. రోడ్డు మీద కళ్లు తిరిగి పడిపోయిన ముసలాయన పక్కనుంచి కారు పోనిచ్చి, వెనక సీట్లో కూతురు అడిగితే "మనకి ప్రాబ్లమ్ అవుతుంది నాన్నా" అనే తండ్రి ఆ పిల్లకు చట్టం గురించి అబద్ధం చెప్తున్నాడు. ఆ పిల్లకు అప్పుడు అందిన పాఠం చట్టాన్ని గురించినది మాత్రమే అనుకోకూడదు.

అసలు పిల్లలకు దయను మొదటినుంచీ నూరిపోయాల్సిన అవసరమే పెద్దగా లేదు. లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2006లో ఏడాదిన్నర పిల్లల మీద చేసిన ప్రయోగం ప్రపంచమంతా చదివింది. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారి కింద పడుతుంది, అందుకోలేక అవస్థ పడుతుంటాడు. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లలు, ఎవరూ చెప్పకుండా, మెచ్చుకోలు ఆశించకుండా వెళ్లి తీసిస్తారు. రెండేళ్ల తర్వాత వాళ్లే మరో సంగతి చూపించారు. సాయం చేసిన ప్రతిసారీ బొమ్మ బహుమతిగా ఇస్తే, బహుమతి ఆగిపోయాక ఆ పిల్లల్లో సాయం చేసే గుణమే తగ్గింది. పుట్టుకతో వచ్చిన ఈ గుణాన్ని మాన్పించేది పెద్దవాళ్లే. చెల్లికి బొమ్మ ఇస్తే ఐప్యాడ్ ఇస్తామనే ఇళ్లలోనూ, ఎవరి బొమ్మలు వాళ్లవే అనే ఇళ్లలోనూ ఇది జరుగుతోంది.

ఇక్కడ మనవాళ్లకు ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. పిల్లల్ని ఆదివారం గుడి క్లాసుకు పంపిస్తున్నాం, శిబి చక్రవర్తి కథ, రంతిదేవుడి కథ చెప్పిస్తున్నాం, ఏడాదికోసారి డొనేషన్ ఇస్తున్నాం, ఇంకేం చేయాలి అని. కథలు మంచివే. అయితే 1970లో బ్రయాన్, వాల్‌బెక్ అనే పరిశోధకులు స్కూలు పిల్లలతో ఒక ఆట ఆడించి తేల్చిన విషయం గుర్తుంచుకోవాలి. ఆటలో గెలిచినదాంట్లో కొంత పేదపిల్లలకు ఇవ్వమని ఒకరు బోధిస్తారు, కానీ తాము ఇవ్వరు. ఇంకొకరు దాచుకోమని చెప్పి, తాము మాత్రం ఇస్తారు. పిల్లలు ఎంత ఇచ్చారన్నది తాము విన్న బోధను బట్టి మారలేదు, కళ్లతో చూసిన పనిని బట్టి మారింది. శిబి కథ విన్న సాయంత్రమే, పార్శిల్ ఆలస్యంగా తెచ్చిన డెలివరీ కుర్రాడి మీద నాన్న కేకలేస్తుంటే, పిల్లవాడు రెండింటిలో దేన్ని తీసుకుంటాడో వేరే చెప్పాలా?

ఆ డెలివరీ కుర్రాడు ఎవరో కూడా చూడాలి. చాలాసార్లు అతను చదువుకోడానికి వచ్చిన మన గుంటూరువాడో, కరీంనగర్‌వాడో అయి ఉంటాడు. విద్యార్థి వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదన్న నిబంధన 2023 జూలై నుంచి అమల్లో ఉంది. ఆ గంటల్లోనే అద్దె, తిండి, ఊళ్లో అప్పుకు వడ్డీ వెళ్లాలి. 2020 చివరి నెలల్లో రెండు నెలలు తిరక్కుండానే ఆస్ట్రేలియాలో ఐదుగురు ఫుడ్ డెలివరీ రైడర్లు రోడ్డు మీద చనిపోయారు. వానలో తడిసి గుమ్మంలో నిలబడ్డవాడికి ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి "తిన్నావా నాన్నా" అని అమ్మ అడిగితే, మెట్ల మీద కూర్చుని చూస్తున్న బిడ్డకు ఆ నిమిషంలో అబ్బేది ఏ క్లాసులోనూ దొరకదు.

తెలుగువాళ్లు ఈ సంగతి మనస్తత్వ శాస్త్రం పుట్టకముందే ఎరుగుదురు. డొక్కా సీతమ్మ గారి పేరు తలవని అన్నదానం మన దగ్గర ఉండదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. అయితే ఆమెను తలుచుకునేవాళ్లు ఆమె తండ్రిని మరిచిపోతారు. 1841లో మండపేటలో పుట్టిన సీతమ్మ తండ్రి అనుపిండి భవానీశంకరం గారు అడిగినవాడికి లేదనకుండా అన్నం పెట్టేవారు. ఊరు ఆయన్ని బువ్వన్న అనే పిలిచేది. తల్లి నరసమ్మ చిన్నతనంలోనే పోవడంతో ఆ ఇంటి వంటా వార్పూ పిల్ల చేతికి వచ్చింది. వేళకాని వేళ వచ్చిన అతిథికి విస్తరి వేయడం సీతమ్మ ఎవరో చెప్పగా నేర్వలేదు, తండ్రి పక్కన నిలబడి వడ్డిస్తూ నేర్చింది. లంకల గన్నవరంలో డొక్కా జోగన్న గారి ఇంటికి కోడలిగా వెళ్లాక, గోదావరి పాయలు దాటే బాటసారులకు ఆ ఇల్లే దిక్కయింది. 1909లో కన్నుమూసేదాకా ఆమె పొయ్యి ఆరలేదని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం నాటికి ఆమె ఫోటో లండన్ చేరింది. గోదావరి మీద గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరుంది. బువ్వన్న గారు కూతురితో "ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం అమ్మా, ఊరి సంగతి మనకెందుకు" అని ఉంటే ఇదంతా ఎక్కడిది?

ఆ రోజులు వేరు, ఆ పల్లెలు వేరు అనేవాళ్లుంటారు. టార్నీట్ పల్లె కాదన్న మాట నిజమే. పాతికేళ్ల కిందట పచ్చిక బయళ్లుగా ఉన్న చోటు 2021 జనాభా లెక్కల నాటికి 56 వేలు దాటింది. 2015 జూన్‌లో రైల్వే స్టేషన్ తెరిచాక ఇళ్ల వరసలు ఇంకా ముందుకు పాకాయి. ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016లో 34 వేలుంటే 2021లో 59 వేల పైచిలుకు. ఈ లెక్కలే "మన పని మనం" వాదానికి ఎదురు నిలుస్తాయి. వీధిలో ప్రతి ఇల్లూ కొత్తదే, ప్రతి మనిషీ ఎక్కడినుంచో వచ్చినవాడే. కాన్పుకి అమ్మ రాలేదు, వీసా తేలలేదు. రాత్రి రెండింటికి బిడ్డకు జ్వరం, భర్త నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఇలాంటి చోట ప్రతివాడూ తన పని తాను చూసుకుంటే ఎవరి పనీ జరగదు. పల్లెలో పక్కింటివాడు తప్పినా పెదనాన్న ఉన్నాడు. ఇక్కడ పక్కింటివాడే పెదనాన్న కావాలి.

ఇంతకంటే బరువైన సంగతి ఒకటుంది. కొత్త ఎస్టేట్లలో ఇంటికీ ఇంటికీ మధ్య జాగా తక్కువ. పక్కింట్లో గొంతు పెరిగితే, గిన్నె విసిరితే, ఆడమనిషి ఏడిస్తే వినబడుతుంది. "వాళ్ల సంసారం వాళ్లది" అని టీవీ సౌండు పెంచే ఇళ్లు మన వీధుల్లో ఉన్నాయి. గృహహింస ప్రైవేటు వ్యవహారం కాదని విక్టోరియా ఎప్పుడో తేల్చింది. దాని మీద వేసిన రాయల్ కమిషన్ 2016లో 227 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. కట్నం కోసం వేధించడం కూడా కుటుంబ హింసేనని 2019 నుంచి ఈ రాష్ట్ర చట్టం ఉదాహరణగా చెప్తోంది. ఆ ఉదాహరణ చట్టంలోకి ఎక్కాల్సి వచ్చిందంటే అందులో మన భారతీయ ఇళ్ల బాధ ఎంత ఉందో ఒప్పుకోవాలి. టీవీ సౌండు పెరిగిన గదిలో పదేళ్ల కొడుకు హోంవర్క్ చేస్తుంటాడు. ఆ గోడ అవతల వినబడినదాన్ని నాన్న ఏం చేశాడన్నది వాడు పెళ్లయ్యాక కూడా మరిచిపోడు.

మోసపోతామన్న అభ్యంతరం మిగిలింది. నిజమే, అప్పు తీసుకుని ఎగ్గొట్టేవాళ్లుంటారు, మంచితనాన్ని వాడుకునేవాళ్లుంటారు. పిల్లలకు వాళ్లను గుర్తుపట్టడం నేర్పాల్సిందే. కానీ ఒకడు మోసం చేశాడని అందరికీ తలుపు మూయడం తెలివి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల్ని తమ ఇళ్లలో దాచి కాపాడిన నాలుగు వందల మందికి పైగా మనుషుల్ని శామ్యూల్, పెర్ల్ ఒలినర్ దంపతులు వెతికి మాట్లాడించి 1988లో పుస్తకం వేశారు. ప్రాణాలకు తెగించిన ఆ మనుషుల్ని పెంచిన ఇళ్లలో కొట్టడం తక్కువ, తప్పు ఎందుకు తప్పో కూర్చోబెట్టి చెప్పడం ఎక్కువ. దయ తమవాళ్లకే పరిమితం కాదని వాళ్ల అమ్మానాన్నలు నేర్పారు. మన కులం, మన జిల్లా, మన సంఘం వరకే సాయం నేర్పే ఇళ్లు ఈ చివరి మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

టార్నీట్‌లో ఇంగ్లీషు తర్వాత ఎక్కువ ఇళ్లలో వినిపించే భాష పంజాబీ. తమవాళ్లు, పరాయివాళ్లు అనకుండా పెట్టడం ఎలా ఉంటుందో ఇక్కడి గురుద్వారాకు ఆదివారం వెళ్లి చూడవచ్చు. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో నాన్న రొట్టెలు పంచుతుంటే పక్కన పిల్లలు నీళ్ల జగ్గులు మోస్తుంటారు. తినడానికి కూర్చున్నవాడు ఎవరని అడగరు. 2019-20 కార్చిచ్చుల వేళ బెయిర్న్స్‌డేల్ పట్టణంలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లకు రోజూ వండిపెట్టింది మెల్‌బోర్న్ సిక్కు వాలంటీర్లే. వాళ్లూ వలస వచ్చినవాళ్లే, వాళ్లకూ లోన్లున్నాయి, వాళ్ల కుర్రాళ్లూ 2009లో దెబ్బలు తిన్నారు.

కాబట్టి టార్నీట్ అమ్మానాన్నలకు ఒక విన్నపం. ఈ శనివారం మీ వీధిలో కొత్తగా దిగిన ఇంటి తలుపు తట్టండి. వాళ్లు ఏ దేశంవాళ్లయినా సరే, ఒక డబ్బాలో పులిహోర పట్టుకెళ్లండి, డబ్బా పిల్లల చేతికివ్వండి. పక్కింట్లో ఆడమనిషి ఏడుపు వినిపిస్తే అత్యవసర నంబరు సున్నా సున్నా సున్నాకు ఫోన్ చేయండి. ఎందుకు చేశారో మీ పిల్లలకు తెలుగులోనే చెప్పండి.