తాతగారి వాచీ... ఎన్ని కాసులు?

మా చినమావయ్య పొద్దున్నే ఫోన్ చేశాడంటే ఇంట్లో ఏదో పంచాయితీ జరుగుతున్నట్టే లెక్క.

"అమ్మాయ్, పేపర్లో పనిచేస్తున్నావుగా... పాత వాచీలు కొనేవాళ్ళెవరైనా తెలుసా?"

సంగతేమిటంటే మా తాతగారి బంగారం వాచీ. 1956లో ఆయన పెళ్ళికి అమ్మమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన ఒమెగా. ఆయన పోయాక కోనసీమలోని ఇంట్లో, బీరువా లాకరులో, పాత జరీ పంచె ముక్కలో చుట్టి ఉంది. ఇప్పుడు చినమావయ్య కూతురికి పెళ్ళి కుదిరింది. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటినప్పటి నుంచీ అందరి చూపూ ఆ లాకరు మీదే. వాచీని తూకం వేస్తే తోలు పట్టీతో కలిపి 32 గ్రాములు తూగింది. అంటే అచ్చంగా నాలుగు కాసులు! "అన్నయ్యకి రెండు, నాకు రెండు" అన్నది చినమావయ్య లెక్క. "నాన్న చేతిది కరిగిస్తారా?" అన్నది పెదమావయ్య పట్టు. అమ్మమ్మ మాత్రం ఎటూ మాట్లాడలేదు.

ఎవరి మాట నెగ్గాలన్నా ముందు ఆ వాచీ సంగతి తేలాలి కదా! అందరం కలిసి రాజమండ్రి వెళ్ళాం. మొదటి కొట్టులో "మిషను తీసేసి కేసు కరిగిద్దాం" అన్నారు. రెండోచోట "ఈ మచ్చల డయల్ చూసి ఎవరు కొంటారండీ? కొత్త అక్షరాలు వేయించి, పాలిష్ పట్టించండి" అన్నారు. మూడోచోట, సందు చివరి చిన్న కొట్లో, జీవితమంతా వాచీలతోనే గడిపిన పెద్దాయన ఒకాయన కంటికి భూతద్దం తగిలించుకుని, "ముందు మూత తీయనివ్వండి" అన్నారు.

మూత లోపలి ఆడమనిషి

వెనక మూత లోపలివైపు గోరంత ముద్ర. అందులో పక్కకు తిరిగిన ఆడమనిషి తల. కింద 0.750 అన్న అంకె. "ఇది హెల్వెటియా బొమ్మ. పాతకాలంలో స్విట్జర్లాండువాళ్ళు 18 క్యారెట్ల బంగారానికి కొట్టిన ముద్ర. 14 క్యారెట్లయితే ఉడత బొమ్మ ఉంటుంది" అన్నారాయన. 1995 నుంచి ఆ బొమ్మలు పోయి, సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. కాబట్టి 1950ల నాటి వాచీ అని చెబుతూ కుక్క తల ముద్ర చూపిస్తే అనుమానించాల్సిందే. అలాగని ఆడమనిషి లేనంత మాత్రాన నకిలీ అనడానికీ లేదు. ఇంగ్లండులో డెన్నిసన్ వంటి కంపెనీలు స్విస్ మిషన్లకు అక్కడే కేసులు చేసేవి. వాటి మీద ఇంగ్లిష్ ముద్రలుంటాయి. 375 అని ఉంటే 9 క్యారెట్లు.

మన హాల్‌మార్కు లేదేమిటని కంగారు పడక్కర్లేదు. 2021లో నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేసినప్పుడు గడియారాలకు మినహాయింపు ఇచ్చారు.

అసలు మన ఇళ్ళల్లో 'బంగారం వాచీ' అని పిలుచుకునేవాటిలో చాలా వాటికి ఉన్నది పైపూతే. మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అనో, '20 మైక్రాన్లు' అనో ఉంటే ఇక ఆశ వదులుకోవచ్చు. 20 మైక్రాన్లంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. పట్టీ తగిలించే కొమ్ముల అంచులు ముందు అరుగుతాయి కాబట్టి అక్కడ లోపలి లోహం బయటపడుతుంది.

మాది అసలు బంగారమే. చినమావయ్య ముఖం వెలిగింది. పెద్దాయన మిషను విప్పి, కేసు ఒక్కటే త్రాసులో పెట్టారు. పది గ్రాములు! అందులో ముప్పాతిక వంతే మేలిమి. నగల బంగారం లెక్కలో చూస్తే కాస్త అటూ ఇటూగా ఒక్క కాసు. నాలుగు కాసుల్లో మూడు కాసులు ఇనుమూ, ఇత్తడీ, తోలూనన్నమాట!

ముఖం మీద గీత

"బంగారం లెక్క అయిపోయింది. వాచీ లెక్క ఇంకా మొదలవలేదు" అన్నారు పెద్దాయన.

మిషను మీద కంపెనీ పేరు, వరస సంఖ్య ఉన్నాయి. ఆ సంఖ్యను బట్టి సుమారుగా ఏ ఏడు తయారైందో చెప్పొచ్చు. మాది పెళ్ళినాటికి సరిపోయింది. మరల తలలు గీసుకుపోయి ఉంటే మోటుచేతులు పడ్డాయని అర్థం. మావాటిలో రెండు మరలు మాత్రం తర్వాత వేసినవి. అద్దం కూడా మార్చిందే. ఆ కాలపు ఒమెగా ప్లాస్టిక్ అద్దం మధ్యలో, భూతద్దానికి గానీ కనపడనంత చిన్న ఒమెగా గుర్తు ఉంటుంది. మాదానికి లేదు. కీ ఇచ్చే బొడిపె మీదా గుర్తు లేదు.

డయల్ మాత్రం కంపెనీదే. అక్షరాలు భూతద్దంలోనూ పదునుగా ఉన్నాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగా ఉన్నాయి. మళ్ళీ రంగు వేసిన డయల్ అయితే అక్షరాలు లావెక్కుతాయి, అడుగున ఉండే 'స్విస్ మేడ్' వంకర పోతుంది, ఒక్కోసారి అసలు ఉండదు. మీ వాచీ చీకట్లో మెరిసే రకమైతే ఒక జాగ్రత్త. 1960ల ముందువాటిలో ఆ పూత రేడియం కావచ్చు. మెరుపు పోయినా రేడియం పోదు. మూత తీసి గీకొద్దు.

ఇక ఆ మచ్చ. ఐదు అంకె దగ్గర మొదలై ఏడు దాకా, గోధుమరంగు గీత. "ఇందులోకి నీళ్ళు వెళ్ళాయి. కాసేపు నిలిచాయి. ఎవరో వెంటనే విప్పించి బాగుచేయించారు. లేకపోతే మిషను తుప్పు పట్టిపోయేది" అన్నారు.

అప్పటిదాకా నోరు మెదపని అమ్మమ్మ మెల్లగా అంది... "ఎనభై ఆరు వరద."

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు. గట్లు తెగాయి. తాతగారు పిల్లల్ని ఏటిగట్టు మీదకు చేర్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆవుల పలుపులు కోసి వచ్చారట. ట్రంకుపెట్టె నీళ్ళలో ఉండిపోయింది, అందులో వాచీ. "నీళ్ళు తీశాక ఇల్లు కూడా కడుక్కోకుండా ముందు వాచీ పట్టుకుని రాజమండ్రి పరిగెత్తారు. నేను తిట్టాను" అంది అమ్మమ్మ. ఆ రెండు మరలూ అప్పటివే కావచ్చు.

పాలిష్ జోలికి వెళ్ళొద్దు

పెద్దాయన చెప్పిన ఆఖరి మాట అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. పాలిష్ పట్టిన ప్రతిసారీ బంగారం కొంత పోతుంది. కొమ్ముల అంచులు గుండ్రమవుతాయి, పైన ముద్రలుంటే అరిగిపోతాయి. పోయిన అంచును తిరిగి తేలేం. పాత వాచీలు తెలిసి కొనేవాళ్ళు గీతలను క్షమిస్తారు, కొత్త రంగును క్షమించరు. తీసేసిన పాత భాగాలను పారేయకుండా పొట్లం కట్టించుకోవాలి. అమ్మినా, ఉంచుకున్నా మిషను శుభ్రం చేయించి నూనె వేయిస్తే చాలు.

"ఈ మచ్చవల్ల ధర తగ్గుతుందా?" అడిగాడు చినమావయ్య.

"తగ్గుతుంది. అయినా కరిగిస్తే వచ్చేదానికంటే ఎక్కువే వస్తుంది. అబద్ధం లేని వాచీ ఇది."

తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడలేదు. రావులపాలెం దాటాక చినమావయ్య అన్నాడు, "ఒక్క కాసు కోసం ఎందుకులే అన్నయ్యా." పెదమావయ్య జవాబివ్వలేదు గానీ, వారం తిరక్కుండా పెళ్ళి ఖర్చుకు రెండు కాసుల డబ్బు తమ్ముడికి పంపాడని తర్వాత తెలిసింది.

వాచీ ఇప్పుడు అమ్మమ్మ దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే కీ ఇస్తోంది. రోజుకు నాలుగు నిమిషాలు వెనకపడుతోందట. సరిచేయిద్దామంటే, "మీ తాతయ్యా అంతే, ఎప్పుడూ టైముకి రాలేదు" అంటోంది.