పాఠం ఊళ్లోనూ ఉంది

ఫ్యామిలీ మెడిసిన్ డీఎన్‌బీ మూడేళ్ల కోర్సు. ఆ మూడేళ్లలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చిన పాఠం చెప్పింది, మండల కేంద్రంలో ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఒక డాక్టరుగారు.

ఓ పొద్దున షుగరున్న పెద్దాయన దగ్గుకు మందు కోసం వచ్చాడు. స్టెత్ పెట్టి చూసి, చీటీ రాయబోయాను. "ముందు ఆ చెప్పులు తీయించమ్మా" అన్నారు డాక్టరుగారు. కుడి అరికాల్లో తుమ్మముల్లు, చుట్టూ చీము. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలీదు. స్పర్శ పోయిన కాలు మరి, నొప్పి ఎక్కడిది? ముల్లు తీసి, కడిగి, కట్టు కట్టాం. "పొలానికి వట్టికాళ్లతోనే పోతున్నావా పెద్దయ్యా?" అనడిగారాయన. పెద్దాసుపత్రిలో అలాంటి కాళ్లను నేను చూసింది కుళ్లిపోయాకే.

2021లో చేరిన బ్యాచ్ నుంచి ఎండీ, ఎంఎస్ విద్యార్థులంతా మూడు నెలలు జిల్లా రెసిడెన్సీ, అంటే జిల్లా ఆసుపత్రుల్లో శిక్షణ, చేయాలన్నది నిబంధన. మంచి నిబంధన. అయితే అందులో ఒక్క నెలైనా, ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉన్న డాక్టరు పక్కన కూర్చోబెట్టాలి. నేర్పే ఆ డాక్టరుకు గౌరవ వేతనమూ ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు వచ్చే బ్యాచ్‌తోనే ఈ పని మొదలుపెట్టాలని నా విన్నపం.