వికలాంగ సంతానము పేర పొదుపు

హఫీజ్‌పేట మొదలు మాదాపూరు వఱకును గల యున్నత సౌధములలో పెద్ద వేతనములు గొను నుద్యోగులనేకులు గలరు. వారిలో వికలాంగ శిశువులుగల తల్లిదండ్రులను వేధించు ప్రశ్న యొక్కటియే: మా యనంతరము వీనికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు మన పన్నుల చట్టము సగము సమాధానమే చెప్పుచున్నదని మా యభిప్రాయము.

పూర్వము మన పల్లెలలో తండ్రి కొంత భూమి నధికముగ పెద్ద కుమారుని పేర వ్రాసి, తమ్ముని పోషణభారము నోటిమాటగ నప్పగించెడివాడు. అన్న ధర్మాత్ముడైన చాలదు, వదినయు నొప్పుకొనవలెను! పొలములు అపార్టుమెంట్లై, అన్న అమెరికాకుఁ బోయిన పిదప ఆ నోటిమాట యెచ్చట నిలుచును?

1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 80 డిడి యని పేరొందిన సౌకర్యము 2025 నాటి చట్టమునను నిలిచినది. నూటికి 40 వంతుల వైకల్యమునకు 75,000 రూపాయలు, 80 వంతులు గాని యంతకు మించి గాని యున్న 1,25,000 రూపాయలు ఆదాయమునుండి మినహాయింతురు. ఇది పన్నులో తగ్గింపు గాదు. నూటికి 30 వంతునఁ బన్ను కట్టువానికి 75,000 మీఁద మిగులునది 22,500, దానిపై సెస్సు మాత్రమే.

ఈ సౌకర్యము నాశ్రయించి 'జీవన్ ఆధార్' వంటి పాలసీలు వచ్చినవి. అయితే తండ్రి మరణించినఁగాని బిడ్డకు పైకము చేరరాదని చట్టము నిర్బంధించెను. 2019లో సుప్రీంకోర్టు చట్టమును మార్చజాలమనుచునే, పునరాలోచింపుఁడని కేంద్రమునకు సూచించెను. 2022లో సవరణ వచ్చినది. తండ్రికి 60 ఏండ్లు నిండిన పిదప, అతఁడు బ్రతికియుండఁగనే బిడ్డకు సొమ్ము చేరవచ్చును. మంచి సవరణయే. కాని నలువదవయేట నుద్యోగము పోయిన తండ్రి యిరువదియేండ్లు వేచియుండవలెనా?

అంతలో మఱియొక చిక్కు. 2023 ఏప్రిలునుండి, కోరకయే వర్తించునది క్రొత్త పన్ను పద్ధతి. అందీ మినహాయింపు లేదు. 12 లక్షలలోపు వారికి అందు పన్నే లేదుగదా యని యధికారులనవచ్చును. నిజమే. కాని తండ్రికిఁ బన్ను తప్పుట వేఱు, బిడ్డ పేర ధనము నిలుచుట వేఱు.

అమెరికాలో 2014 నాటి 'ఏబుల్' చట్టము వికలాంగుని పేరనే ఖాతా నేర్పఱచినది. అర్హమైన వ్యయములకుఁ దీసినచో పెరిగిన సొమ్ముపై ఫెడరల్ పన్ను లేదు. లక్ష డాలర్ల వఱకు నిలువయున్నను, జీవనభృతి నిచ్చు ఎస్.ఎస్.ఐ. పోదు. కెనడాలో 2008నుండి యట్టి ఖాతాలో ప్రభుత్వమును కొంత వేయుచున్నది. మనకిది వింతగాదు. 2015లో ఆడపిల్లలకు సుకన్యసమృద్ధి ఖాతా పెట్టిన ప్రభుత్వమే వికలాంగుల కట్టిదానిని పెట్టలేదా? పన్నే కట్టని కూలివాని బిడ్డకు మినహాయింపువలన నొరుగునదేమి? వాని ఖాతాలో కెనడావలె సర్కారు తానే కొంత వేయవలెను.

అందాక, బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బహువైకల్యము గలవారి తల్లిదండ్రులు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా స్థానికసంఘమున కర్జీ పెట్టి సంరక్షకుని నియమింపఁజేసికొనవచ్చును. బిడ్డకుఁ బదునెనిమిదేండ్లు నిండుసరికి ఆ కాగితములు సిద్ధమై యుండవలెను. ఉద్యోగులు పన్ను పద్ధతి నెన్నుకొనుటకు ముందు రెండు లెక్కలును వేసి చూచుకొనవలెను.