ఈద్ పువ్వుకు ఒక తస్వీర్

మన ఫోన్లలో పూలకు కొదవ లేదు. ప్రతి జుమ్మా పొద్దున ఒక ఎర్ర గులాబ్ వస్తుంది. రేకుల మీద మంచు చుక్కలు, కింద బంగారు అక్షరాల్లో 'జుమ్మా ముబారక్'. అదే గులాబ్‌ను ఖాలా పంపుతుంది, మామూ పంపుతాడు, జిద్దాలో ఉన్న దోస్తూ పంపుతాడు. ఆ పువ్వు ఏ బాగ్‌లో పూసిందో, దానికి ఎవరు నీళ్లు పోశారో, అసలు పూసిందో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఇటు మన మేడ మీద, పాత పెయింట్ డబ్బాలో, అమ్మీ పెంచిన దేశీ గులాబ్ పూస్తుంది, రెండు మూడు రోజులు ఉంటుంది, రాలిపోతుంది. దాని తస్వీర్ మాత్రం ఇంట్లో ఒక్క ఫోన్‌లోనూ ఉండదు.

నేను చెప్పదలచింది ఇదే. ఎవరివో తెలియని ఆ గులాబ్‌లు ఇక చాలు. మన ఆంగన్‌లో, మన బాల్కనీలో పూసే పూలను మనమే తీద్దాం. ఒక్క రోజు కాదు, ఏడాది పొడుగునా, ఒక మౌసమ్ తర్వాత ఇంకో మౌసమ్. దీన్ని ఫుర్సత్ ఉన్నవాళ్ల షౌక్ అని కొట్టిపారేయకండి. మన ఇళ్లలో చెదిరిపోతున్న కొన్ని సంగతులను దాచుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు కనిపించడం లేదు.

మొదటి సంగతి మన ఆడవాళ్లది. మా అమ్మీ ఫొటో దిగదు. ఆధార్ కార్డుకూ, రేషన్ కార్డుకూ తప్పనిసరై కూర్చుంది, అంతే. షాదీల్లో కెమెరా కనిపిస్తే దుపట్టా ముఖం మీదికి లాక్కుంటుంది. అది ఆమె ఇష్టం, దాని మీద నాకు బహస్ లేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి నానీలు, దాదీలు, ఫుఫ్ఫులు ఉంటారు. కానీ మహబూబ్‌నగర్‌లో మా ఇంటి సెహన్‌లో వుజూ నీళ్లు పారే కాలువ పక్కన మోతియా, గుల్-ఎ-అబ్బాస్, ఒక హర్సింగార్ చెట్టు, గోడ మీదికి పాకిన రాధామనోహరం తీగ, అన్నీ ఆమె చేతి మెహనత్తే. ఆమె ముఖం తీయలేను, ఆమె పనిని తీయగలను. ప్రాణుల తస్వీర్ల మీద మన ఇళ్లలో ఎన్ని మాటలు నడిచినా, చెట్టుచేమల తస్వీర్ల మీద ఎంత పట్టింపు ఉన్న బుజుర్గ్‌కైనా అభ్యంతరం ఉండదు. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూసుకోగలిగే ఆల్బమ్ అది.

పర్దాకూ కెమెరాకూ పొత్తు కుదర్చడం మన దక్కన్‌లో కొత్త ఆలోచన కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర దర్బార్ ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జెనానా స్టూడియో తెరిచాడు. పర్దా పాటించే స్త్రీల కోసం పెట్టిన ఆ స్టూడియోను ఒక ఇంగ్లీషు మహిళ నడిపింది. అయితే అది పెద్ద ఖాన్‌దాన్‌లవాళ్లకే అందిన సదుపాయం. ఇవాళ మామూలు ఇంటి ఆడపిల్ల చేతిలోనూ కెమెరా ఉంది. దాంతో నానీమా పెంచిన మొక్కను తీయడానికి ఏ స్టూడియో అక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, 1620 వసంతంలో జహంగీర్ బాద్‌షా కశ్మీర్ వెళ్లాడు. అక్కడి పూలు చూసి ఆగలేకపోయాడు. తన ముసవ్విర్ ఉస్తాద్ మన్సూర్ నూరుకు పైగా పూల బొమ్మలు వేశాడని తన తుజుక్‌లో రాసుకున్నాడు. వాటిలో ఇప్పుడు మనకు దొరికేవి చాలా కొద్ది. బాద్‌షా ఖజానాలో ఉన్న బొమ్మలకే ఆ గతి పడితే, ఎవరూ తీయని మన పెయింట్ డబ్బా గులాబ్ సంగతి చెప్పాలా?

ఇక తీయడం ఎలా? పూల గురించి మన ఇళ్లలో ఇప్పటికే ఒక గడియారం ఉంది. నమాజ్ వేళలు. హర్సింగార్ రాత్రి విచ్చుకుంటుంది, ఫజర్ వేళకు నేల మీద రాలి ఉంటుంది. తెల్లటి రేకులు, నారింజ రంగు కాడ. ఎండ ముదిరాక వెళ్తే వాడిపోయిన చెత్తే మిగులుతుంది. తెలుగులో చంద్రకాంత అనే గుల్-ఎ-అబ్బాస్ అసర్ దాటుతుండగా విప్పుకుంటుంది, మర్నాడు పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. మోతియా మొగ్గ మగ్రిబ్ వేళకు కళ్లు తెరుస్తుంది. ఇషా తర్వాత రాత్ కీ రాణీ ఖుష్బూ గల్లీ మొత్తానికి తెలుస్తుంది. రాధామనోహరం తీగది ఇంకో తమాషా. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు అవుతుంది. ఒకే గుత్తిని మూడు రోజులు ఒకే చోట నిలబడి తీయండి. పువ్వుకూ ఒక ఉమ్ర్ ఉంటుందని పిల్లలకు విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

మౌసమ్‌ల హిసాబ్ కూడా పెట్టుకోవాలి. మార్చి నుంచి మోతియా. ఎండలు ముదిరితే వీధిలో గుల్‌మొహర్. జూన్ మొదట్లో మిర్గ్. తెలుగు రైతులు మృగశిర కార్తె అనేదాన్నే మన దక్కనీలో మిర్గ్ అంటాం. 1591లో హైదరాబాద్‌కు బునియాద్ వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దీని మీద, బసంత్ మీద, తన బాగ్‌ల మీద దక్కనీలో కవితలు రాశాడు. రాజ్యం ఏలే మనిషికి మౌసమ్‌లను పట్టించుకునే ఫుర్సత్ దొరికింది. మిర్గ్ తర్వాత గట్టి వాన పడిన కొద్ది రోజులకే కుండీలో వాన లిల్లీలు ఎక్కడినుంచో లేచి వస్తాయి. వానాకాలం చివర ఊరి బయట తంగేడు పసుపు, ఇంట్లో హర్సింగార్. చలి మొదలయ్యాక గేందా, గుల్దావుదీ. అక్టోబర్‌లో కొమ్మలు కత్తిరించిన గులాబ్ నెలన్నరకు మంచి పూలు ఇస్తుంది.

గుల్దావుదీ, అంటే చామంతి, గురించి ఒక మాట. రాత్రులు పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది. మేడ మీద రాత్రంతా లైటు వెలిగే చోట కుండీ పెడితే దానికి రాత్రి అయినట్టే తెలియదు, పూత ఆలస్యమవుతుంది. ఒకే మొక్క నుంచి విడదీసిన రెండు పిలకల్ని ఒకటి చీకట్లో, ఒకటి లైటు కింద పెట్టి వారం వారం తస్వీర్ తీస్తే ఇంట్లోనే ఒక సైన్స్ పాఠం తయారవుతుంది.

ఫొటో మెళకువలు పెద్దగా లేవు. ముందు కెమెరా అద్దం తుడవండి, మన ఫోన్లు వంటింట్లో తిరుగుతాయి కాబట్టి దాని మీద నూనె మరక తప్పక ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తీయకండి. పొద్దున, సాయంత్రం, లేదా మబ్బు పట్టిన రోజు మంచిది. తెల్ల మోతియా, ఎర్ర గులాబ్ ఫోన్‌లో ముద్దలా వస్తాయి. స్క్రీన్ మీద పువ్వును తాకి, వెలుగు తగ్గించే గుర్తును కాస్త కిందికి జరిపితే రేకుల గీతలు కనిపిస్తాయి. నిలబడి పైనుంచి తీయొద్దు, పువ్వు ఎత్తుకు కూర్చోండి. నీళ్లు చిలకరించి దొంగ మంచు చుక్కలు పెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, డబ్బాను కూడా తస్వీర్‌లోకి రానివ్వండి. పోటీల్లో గెలిచే పూల ఫొటోలు చూస్తుంటాను. పువ్వు ఒక్కటే, వెనక అంతా మసక. ఖూబ్‌సూరతే, కాదనను. కానీ ఆ పువ్వు ఊటీదో, మన ఊరిదో చెప్పలేం. మన తస్వీర్‌లో పగిలిన బాల్టీ ఉండాలి, సున్నం రాలిన గోడ ఉండాలి, దండెం మీద ఆరేసిన రిదా కొస ఉన్నా పర్వాలేదు. ముప్పై ఏళ్ల తర్వాత మీ మనవరాలు ఆ పువ్వు కన్నా ఆ గోడనే ఎక్కువసేపు చూస్తుంది.

గోడ అని ఎందుకంటున్నానంటే, గోడలు పోతున్నాయి. పాత షహర్‌లోనూ, జిల్లా కేంద్రాల్లోనూ సెహన్ ఉన్న ఇళ్లు బిల్డర్ చేతికి వెళ్తున్నాయి. అన్నదమ్ములు పంచుకోవాలి, పిల్లలకు గదులు కావాలి. ఎవరి మజ్బూరీ వాళ్లది, తప్పు పట్టను. కానీ ఇల్లు ఇచ్చేటప్పుడు దస్తావేజుల కాపీలు తీసుకుంటాం, చెట్ల తస్వీర్లు తీసుకోం. హర్సింగార్‌ను ఫ్లాట్‌లోకి మోసుకుపోలేం. కనీసం దాని నాలుగు మౌసమ్‌లు వెంట తీసుకుపోవచ్చు.

పోయేవి చెట్లే కాదు, పేర్లూ పోతున్నాయి. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఒక్కో పువ్వు రెండు పేర్లతో తెలుసు. ఇటు మోతియా, చమేలీ, జూహీ. అటు మల్లె, జాజి, విరజాజి. మా పిల్లల స్కూల్లో అన్నీ 'జాస్మిన్'. సదాబహార్ అంటే బిళ్లగన్నేరు అని, గుడ్‌హల్ అంటే మందారం అని వాళ్లకు చెప్పే మనిషి ఇంట్లో ఇంకా ఉంది, అడిగేవాళ్లే లేరు. అందుకని తస్వీర్ తీశాక అక్కడితో ఆగొద్దు. తేదీ, ఉర్దూ పేరు, తెలుగు పేరు, మొక్క ఎవరింటి నుంచి తెచ్చిందో ఒక వాక్యం, అంతా రాసి పెట్టండి. మన ఇళ్లలో మొక్కలకూ ఖాన్‌దాన్ ఉంటుంది. ఈ మోతియా నానీమా ఇంటి కొమ్మ, ఆ గులాబ్ ఫలానా ఆపా షాదీ నాడు ఇచ్చింది. ఆ దాస్తాన్ ఏ నర్సరీ చీటీ మీదా ఉండదు.

ఒక ఎతిరాజ్ నాకు తెలుసు. 'ఫోన్ ఎత్తితే పువ్వును చూడటం మానేస్తాం భాయ్, వాసన ఎప్పుడు చూడాలి?' అంటారు. నిజమే, ఇరవై ఫొటోలు టపటపా కొట్టి వెళ్లిపోతే చూసింది ఏమీ ఉండదు. అందుకే నా ఖాయిదా, ఒక పువ్వుకు ఒక్క ఫొటో. ఒకటే తీయాలంటే ముందు చుట్టూ తిరగాలి, వెలుగు ఎటునుంచి పడుతుందో చూడాలి, తేనెటీగ వెళ్లేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే చూడటం ఉంది. 'మాకు జాగా ఎక్కడుంది?' అనేవాళ్లకు ఒకే మాట. టోలీచౌకీలో మా ఫ్లాట్ బాల్కనీలో మూడు కుండీలు పడతాయి. సంవత్సరం మొత్తానికి ఆ మూడూ సరిపోయాయి.

చివరగా ఒక సలహా. దీన్ని మన ఇళ్లే బాగా చేయగలవు. మన హిజ్రీ సాల్ చంద్రుడిది. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి రంజాన్ ఈద్ ఒక్కో మౌసమ్‌ను పలకరిస్తూ, దాదాపు 33 ఏళ్లకు ఒక చుట్టు తిరిగి వస్తుంది. నా బచ్పన్‌లో, 1980ల చివర, ఈద్ ఎండాకాలంలో వచ్చేది. షీర్ ఖుర్మా వాసనా మోతియా వాసనా నాకు ఇప్పటికీ ఒకటే. 2000లో ఈద్ రెండుసార్లు వచ్చింది, జనవరిలో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. రెండూ గుల్దావుదీ ఈద్‌లే. 2016లో జూలై 7న, వానల్లో. 2025లో మార్చి 31న, మళ్లీ మోతియా మొగ్గ తొడిగే వేళకు. 2030లో రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర ఇంకోసారి మొదలవుతుంది. అంటే ఈద్ మళ్లీ చలికాలపు పూల దగ్గరికి పోతోంది.

ప్రతి ఈద్ రోజు నమాజ్ నుంచి తిరిగొచ్చాక, ఈదీ పంచక ముందే, ఇంట్లో ఆ రోజు పూసిన పువ్వును ఒక్క తస్వీర్ తీయండి. ఏదీ పూయకపోతే ఆకునే తీయండి, ఆ ఏడాది లెక్క అదే. ఇంట్లో చిన్నపిల్లకు ఈ పని అప్పగించండి. ఎనిమిదేళ్ల పిల్ల ఈ ఏడు మొదలుపెడితే నలభై దాటేసరికి ఆమె దగ్గర మన మౌసమ్‌లన్నీ ఉంటాయి, అమ్మీ చేతి మొక్కలన్నీ పేర్లతో సహా ఉంటాయి. వచ్చే జుమ్మాకు దోస్తులకు గులాబ్ పంపాలనుకుంటే మీ డబ్బాలో పూసినదే పంపండి. రేకు ఒకటి పురుగు కొరికినా సరే. అది ఎవరింటిదని వాళ్లు అడిగితే, జవాబు మీ దగ్గర ఉంటుంది.