తప్పు చేసినవాడే తప్పు కట్టాలి

పల్లెల్లో జరిమానాకు పాత పేరు ‘తప్పు’. పశువు పరాయి చేలో పడినా, వంతు కాని వేళ మడవ తిప్పుకున్నా పెద్దమనుషులు కూర్చుని తప్పు వేసేవారు. తప్పు చేసినవాడే తప్పు కట్టేవాడు. చేసిన పనికీ, కట్టే సొమ్ముకూ ఒకే మాట ఉండటంలో గొప్ప నీతి ఉన్నది. నేడు ఆ రెండూ విడిపోతున్నాయి. తప్పు కొడుకు చేస్తున్నాడు, తప్పు తండ్రి కడుతున్నాడు. ఈ కాలపు పిల్లలకు బాధ్యత లేదని రచ్చబండ మీద కూర్చుని వాపోయే పెద్దలు ముందుగా ఆలోచించవలసింది ఈ సంగతే.

సత్యవేడు చుట్టుపక్కల రోడ్లే ఇందుకు సాక్ష్యం. 2008లో శ్రీసిటీ మొదలయ్యాక సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల రోడ్ల తీరు మారిపోయింది. కంపెనీ బస్సులు, కంటైనర్ లారీలు, షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుల బండ్లు, వాటి మధ్యనే ఎడ్లు, మేకలు, గడ్డిమోపులు. ఇంత రద్దీలో ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురు కుర్రాళ్ళు దూసుకుపోతుంటారు. ముందు కూర్చున్నవాడికి ఇంకా మూతి మీద మీసమైనా రాలేదు. హెల్మెట్ ఉంటే అది నెత్తిన కాదు, మోచేతికి వేలాడుతూ ఉంటుంది. ఆ కుర్రాడికి బండి తాళం ఎవరిచ్చారు? ఇంట్లోవాళ్ళే ఇచ్చారు. బస్సు వేళకు రాదు, కాలేజీ దూరం, అంగడికి పోయి సరుకులు తేవాలి అని ఇచ్చారు. అవసరం నిజమే. కాని అవసరానికి ఇచ్చిన తాళం వెనుక లెక్క అడిగేవారు లేకపోవడమే శోచనీయం.

చట్టం ఏమంటున్నది?

18 ఏళ్ళు నిండనివారు మోటారు సైకిలు నడపరాదు. 16 నిండినవారికి 50 సి.సి. మించని చిన్న బండికి మాత్రమే, అదీ లైసెన్సు తీసుకున్నాకే, అనుమతి ఉన్నది. ఇది చాలామందికి తెలుసు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199-ఎ అనే కొత్త సెక్షను చేర్చిన సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా సంరక్షకుడు, లేదా బండి యజమాని, దోషి అవుతాడు. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. తనకు తెలియకుండా జరిగిందని గాని, తాను తగిన జాగ్రత్త తీసుకున్నానని గాని రుజువు చేసుకోవలసిన భారం కూడా అతని మీదనే ఉన్నది. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ కుర్రాడికి 25 ఏళ్ళు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు.

బీమా సంగతీ ఇంతే. లైసెన్సు లేనివాడు బండి నడిపి ప్రమాదం చేస్తే, కంపెనీ బాధితులకు పరిహారం చెల్లించినా ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. లక్షల్లో తీర్పు వస్తే ఎకరా, రెండెకరాల రైతు ఏం పెట్టి కడతాడు?

తాళం ఇచ్చిన తండ్రిని చట్టం అడగడం న్యాయమే. అయితే తండ్రి అప్పు చేసి జరిమానా కట్టేసి, ఆ మాట మళ్ళీ ఇంట్లో ఎత్తకపోతే కుర్రాడు నేర్చుకున్నది ఏమిటి? తాను తప్పు చేస్తే ఎవరో ఒకరు కట్టేస్తారని నేర్చుకున్నాడు. అంతకుమించి ఏమీ లేదు. ఇక పోలీసులు బండి పట్టుకున్నారనగానే పెద్దమనిషి చేత ఫోను చేయించే తండ్రులున్నారు. ఆ ఒక్క ఫోనుతో బండి ఇంటికి వస్తుందేమో గాని, కొడుకు చేతికి రాకుండా పోతాడు.

కంపెనీలో ఒక తీరు, రోడ్డు మీద ఒక తీరు

యువతకు బాధ్యత బొత్తిగా లేదనడం కూడా అన్యాయమే. శ్రీసిటీ కంపెనీల్లో ఈ పల్లెల ఆడపిల్లలు, మగపిల్లలు రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. కోడి కూయకముందే లేచి బస్సు అందుకుంటున్నారు. నెల జీతంతో ఇంటి అప్పు తీర్చే ఆడపిల్లలు ఎందరో. అక్కడ ఆలస్యమైతే హాజరు పోతుంది, సరుకు చెడితే ఎవరి చేతిలో చెడిందని అడుగుతారు. అందుకే అక్కడ టోపీ పెట్టుకోమంటే పెట్టుకుంటారు, గీత దాటవద్దంటే దాటరు. అదే కుర్రాడు గేటు దాటి బండి ఎక్కగానే మారిపోతాడు. అతడిలో బాధ్యత లేక కాదు. అక్కడ అడిగేవారున్నారు, ఇక్కడ లేరు. భేదం అంతే.

ఈ భేదం ప్రాణాలు తీస్తున్నది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేక చనిపోయినవారే 50 వేలకు పైగా ఉన్నారు.

పెద్దలే అడ్డుపడితే

అడిగేవారు లేకపోవడం పల్లెలకే పరిమితం కాదు. 2024 మే నెలలో పూణె నగరంలో 17 ఏళ్ళ కుర్రాడు ఖరీదైన కారు నడిపి ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణాలు తీశాడని కేసు నమోదయింది. రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయమంటూ, మరికొన్ని షరతులతో ఆ కుర్రాడికి మొదట బెయిలు ఇవ్వడం చూసి దేశమంతా నివ్వెరపోయింది. తరువాత రక్త నమూనా మార్చారనీ, నేరం డ్రైవరు నెత్తిన వేయబోయారనీ ఆరోపణలు వచ్చి ఇంటి పెద్దలు, వైద్యులు కూడా అరెస్టయ్యారు. నిజానిజాలు కోర్టులు తేల్చవలసినవి. కాని పిల్లల తప్పుకు అడ్డుపడాలనుకుంటే అది ఇల్లంతటినీ ఎంత దూరం లాగగలదో ఈ కేసు చూపిస్తున్నది. అక్కడ కోట్ల ఆస్తి, ఇక్కడ ఒక ఫోను. తేడా సొమ్ములోనే గాని బుద్ధిలో లేదు.

పాత చెరువు నేర్పిన పాఠం

సత్యవేడు ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలో కలిసింది. అంతకుముందు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆ సీమ అంతటా చెరువులే ఆధారం. చెరువు కట్టకు, కాలువకు ఊరంతా కలిసి మరమ్మతు చేసుకోవడాన్ని కుడిమరామత్తు అనేవారు. 1858లో దానికి ఒక చట్టం కూడా వచ్చింది. పనికి రానివారు సొమ్ము కట్టవలసిందే. ఆ పద్ధతిలో బరువు పేదల మీదనే ఎక్కువ పడేదన్న మాట నిజం. దాన్ని తిరిగి తెమ్మని ఎవరూ అనరు. కాని ఇంటి వంతుకు పార పట్టుకుని వెళ్ళిన కుర్రాడు ఊరికి జవాబు చెప్పవలసి వచ్చేది. రాత్రి నీటి వంతుకు వెళ్ళినవాడు నిద్రపోతే పైరు ఎండేది, ఉదయం నీరుగంటి నిలదీసేవాడు. ముందు పని అప్పజెప్పారు, తరువాత లెక్క అడిగారు. బాధ్యత అలాగే వచ్చింది. నేడు పిల్లలకు వస్తువులు అప్పజెబుతున్నారు, పనులు అప్పజెప్పడం లేదు. లెక్క అసలే అడగడం లేదు.

చేయవలసిందేమిటి?

లైసెన్సు రానిదే బండి తాళం ఇవ్వకూడదు. 18 నిండి సంపాదన మొదలైన కొడుకు బండి వాయిదాలు, బీమా, జరిమానా తన జీతంలోంచే కట్టుకోవాలి. ఇంకా చదువుకుంటున్నవాడైతే సెలవుల్లో పని చేసి తీర్చాలి. జరిమానా పడితే అతడే వెళ్ళి కట్టి రసీదు తేవాలి. ఎవరి చేతా ఫోను చేయించరాదు.

ప్రమాదం జరిగితే పారిపోరాదని ప్రతి ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల లోపల పోలీసులకు తెలపడం బండి నడిపినవాడి విధి అని చట్టం చెబుతున్నది. ఇతరుల ప్రమాదం కంటబడినా దాటిపోకూడదు. 108కు ఫోను చేసేందుకు, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చేందుకు భయపడనక్కరలేదు. సదుద్దేశంతో సాయపడినవారిని కేసుల్లో ఇరికించరాదని 2019 సవరణలోనే 134-ఎ సెక్షను ఉన్నది. సెల్‌ఫోనులో ఫొటో తీసే చేతులే ఆ మనిషిని లేవనెత్తాలి.

అన్నిటికంటే ముందు పెద్దలు తమ నెత్తిన హెల్మెట్ పెట్టుకోవాలి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? తండ్రి తప్పుదారిలో ఎదురు వస్తూ కొడుకుకు నీతి చెబితే ఆ మాట చెవికెక్కదు.

కొడుకు తరఫున తప్పు కట్టడం ప్రేమ అని తండ్రులు అనుకుంటారు. పాతికేళ్ళు వచ్చినా తన పనికి తాను జవాబు చెప్పలేని మనిషిని తయారుచేయడం ప్రేమ ఎలా అవుతుంది? తాళం ఇచ్చిన చెయ్యే లెక్క కూడా అడగాలి. ఆ అడగడం ఇంట్లోనే మొదలైతే పోలీసు స్టేషను దాకా పోవలసిన పని చాలా ఇళ్ళకు తప్పుతుంది.